సెమ్ కలర్ కోట్ స్ప్రే: బీజ్ డోర్ ప్యాడ్లను నల్లగా మార్చుకునేవాళ్లకు

మన దగ్గర సెడాన్లకు లోపల బీజ్ రంగు ఇవ్వడం కంపెనీలకు పాత అలవాటు. షోరూంలో క్యాబిన్ విశాలంగా కనబడుతుంది. నాలుగైదేళ్లు తిరిగాక చూస్తే డోర్ ప్యాడ్ల అడుగున చెప్పులు తగిలిన నల్ల చారలు, పవర్ విండో స్విచ్‌ల చుట్టూ చేతి జిడ్డు, తలుపుల మధ్య నిలువుగా ఉండే పిల్లర్ మీద సీటు బెల్టు ఒరుసుకున్న గీత. కడిగితే కొంత పోతుంది, కొంత పోనే పోదు. నల్ల రంగు వేయించేద్దామనే ఆలోచన అక్కడే మొదలవుతుంది. కార్ల ఇంటీరియర్ పనివాళ్లను అడిగితే ఈ పనికి ఎక్కువగా చెప్పే పేరు, అమెరికన్ కంపెనీ సెమ్ తయారుచేసే కలర్ కోట్.

తీర్పు ముందే చెప్పేస్తాను. స్ప్రే మంచిదే. కానీ ఆ క్యాన్ ఒక్కటే కొంటే డబ్బు దండగ. రంగు నిలిచేదీ ఊడేదీ దానికి ముందు వాడే తుడుపు మందు, అతుకు మందు మీద, కడుగుడు మీద ఆధారపడి ఉంటుంది. నెట్‌లో "ఆరు నెలలకే పెచ్చులు ఊడింది" అని ఒక స్టార్ ఇచ్చినవాళ్ల ఫొటోలు జాగ్రత్తగా చూడండి. రంగు పెద్ద పెద్ద రేకులుగా లేచి, కింద ప్లాస్టిక్ శుభ్రంగా, మెరుస్తూ కనిపిస్తుంది. అంటే రంగు పాడవలేదు, అసలు అతుక్కోనే లేదు.

కలర్ కోట్ 12 ఔన్సుల ఏరోసోల్ క్యాన్‌లో వస్తుంది. వినైల్ డై అని అమ్ముతుంటారు గానీ ఇది ప్లాస్టిక్‌లోకి ఇంకే డై కాదు, పైన కూర్చునే పలచని, సాగే గుణమున్న పూత. కాబట్టి లోతుగా గీరుకుంటే కింద పాత రంగు బయటపడుతుంది. లేత రంగు మీద ముదురు వేయడం సులువు, ముదురు మీద లేత వేయడం యాతన. బీజ్ మీద నలుపు మూడు నాలుగు పలచని కోట్లలో మూసుకుంటుంది. నలుపు మీద బీజ్ వేయబోతే దానికి రెట్టింపు కోట్లు పడతాయి, ఆ మందానికి ప్లాస్టిక్ మీది తోలు గీతల్లాంటి గ్రెయిన్ పూడిపోతుంది. అలాంటి పనికి ఈ క్యాన్ వద్దు.

ఆ గ్రెయిన్‌ని చెడగొట్టకపోవడమే దీని గొప్పతనం. హార్డ్‌వేర్ షాపులో దొరికే మామూలు ఎనామెల్ స్ప్రే మందంగా కూర్చుని, గట్టిగా ఆరుతుంది. ఏబీఎస్ అనే గట్టి ప్లాస్టిక్ ముక్క మీద అది చాలాకాలం బాగానే ఉంటుంది. డోర్ ప్యాడ్ అలా కాదు, తలుపు వేసిన ప్రతిసారీ అదురుతుంది, మోచెయ్యి ఆనిస్తే వంగుతుంది. వంగేచోట ఎనామెల్ జుట్టులా సన్నగా పగులుతుంది. కలర్ కోట్ వంగినా పగలదు. పైగా లాండౌ బ్లాక్ అనే రంగు, కోడ్ 15013, కంపెనీ నుంచి వచ్చే నలుపుకి చాలా దగ్గరగా ఉంటుంది. పూర్తి మ్యాట్ కాదు, కొద్దిపాటి నిగారింపు ఉంటుంది. డోర్ ప్యాడ్‌కి అది అందమే.

ఇంతే పలచగా కూర్చోవడం వల్ల ఒక ఇబ్బందీ ఉంది. కింద ఉన్నది ఏదీ దాగదు. గీత, గాటు, ఎమ్రీ పేపర్ రుద్దిన మచ్చ, అన్నీ నల్లగా మారి ఇంకా స్పష్టంగా కనిపిస్తాయి. లోతైన గీతని పుట్టీతో పూడ్చి నున్నగా చేస్తే ఆ చోట గ్రెయిన్ పోయి, బట్టతల మచ్చలా మెరుస్తుంది. గాట్లు ఎక్కువున్న ప్యాడ్‌కి రంగు కన్నా స్క్రాప్ యార్డులో మంచి ప్యాడ్ వెతుక్కోవడం మేలు.

ప్యాడ్ వెనక ఏం రాసి ఉందో చదవండి

విప్పిన ప్రతి ముక్క వెనకా రెండు బాణపు గుర్తుల మధ్య ప్లాస్టిక్ పేరు అచ్చులోనే పోసి ఉంటుంది. ఏబీఎస్ అని ఉంటే అదృష్టం. ఏసీ వెంట్లు, స్టీరియో చుట్టూ ఉండే ఫ్రేమ్, గేర్ చుట్టూ ఉండే ప్లేటు చాలావరకు ఏబీఎస్ లేదా పీసీ (పాలీకార్బొనేట్) ప్లస్ ఏబీఎస్. వీటి మీద రంగు తేలిగ్గా పడుతుంది. డోర్ ప్యాడ్లు, పిల్లర్ కవర్లు, డాష్‌బోర్డు కింది భాగాల మీద మాత్రం సాధారణంగా పీపీ టీ20 అనో, పీపీ ప్లస్ ఈపీడీఎం అనో ఉంటుంది. పీపీ అంటే పాలీప్రొపిలీన్, టీ20 అంటే అందులో 20 శాతం టాల్క్ పొడి కలిపారని, ఈపీడీఎం అంటే ఒక రకం రబ్బరు. రంగు నిలవనిది ఈ పీపీ మీదే. దీని ఉపరితల శక్తి చాలా తక్కువ కావడంతో ఏ రంగూ పట్టు దొరకబుచ్చుకోలేదు. ఫెవిక్విక్ కూడా దీని మీద సరిగ్గా నిలవదు.

నీళ్లలో వేస్తే పీపీ తేలుతుంది, ఏబీఎస్ మునుగుతుంది అని ఒక చిట్కా తిరుగుతోంది. టాల్క్ కలపని పీపీకి అది నిజం. టాల్క్ 20 శాతం కలిస్తే సాంద్రత నీటిని దాటుతుంది, ముక్క మునుగుతుంది, మీరు ఏబీఎస్ అనుకుని పీపీకి వేయాల్సిన అతుకు మందు మానేస్తారు. వెనక అక్షరాలే నమ్మండి.

సెమ్ వాళ్లు ఇందుకు రెండు వేర్వేరు మందులు అమ్ముతారు. శాండ్ ఫ్రీ అనేది వినైల్‌కీ, ఏబీఎస్ లాంటి గట్టి ప్లాస్టిక్‌కీ. పైపొరను కొద్దిగా మెత్తబరుస్తుంది, అది తడిగా ఉండగానే రంగు మొదటి కోటు పడాలి. ఆరనిస్తే వేసీ ఉపయోగం లేదు. పీపీకి కావాల్సింది ప్లాస్టిక్ అడ్హీషన్ ప్రమోటర్. ఈ రకం మందుల్లో సాధారణంగా క్లోరినేటెడ్ పాలీఓలెఫిన్ అనే రెసిన్ ఉంటుంది. ద్రావకం పీపీ పైపొరను ఉబ్బిస్తుంది, రెసిన్ ఆ సందుల్లో చిక్కుకుంటుంది, దాని రెండో కొస రంగుని పట్టుకుంటుంది. ఈ రెండు మందులూ ఒకదాని బదులు ఒకటి పనిచేయవు. శాండ్ ఫ్రీ కొట్టి పీపీ మీద రంగు వేసినా అది ఊడే తీరుతుంది.

ప్రమోటర్ వేసేటప్పుడు ఎక్కువమంది చేసే పొరపాటు మందంగా కొట్టడం. రంగు లేని మందు కాబట్టి పడిందో లేదో కనబడదు, అందుకని ఇంకో రెండుసార్లు తిప్పుతారు. అతుక్కునే శక్తి పీపీకీ రెసిన్‌కీ మధ్య ఉన్న ఆ సన్నని పొరలోనే ఉంటుంది. మందమైతే ఆ రెసిన్ పొరే మధ్యలో చీలి రంగుతో సహా లేస్తుంది. పలచగా ఒకటి, మహా అయితే రెండు తడి కోట్లు, అయిదు పది నిమిషాల విరామం, వెంటనే రంగు. మధ్యలో భోజనానికి వెళ్లకూడదు.

మొత్తం పని మొదలుపెట్టే ముందు ప్యాడ్ అడుగు అంచున, కంటికి కనబడని చోట అరచేతి వెడల్పున అదే వరసలో అన్నీ వేసి చూడండి. రెండు రోజులాగి, బ్లేడుతో 2 మిల్లీమీటర్ల ఎడంలో అడ్డం నిలువు గీతలు పెట్టి, గట్టి టేపు అతికించి ఒక్క గుంజు గుంజండి. గళ్లు నిలిస్తే ముందుకెళ్లండి. టేపుకి నలుపు అంటుకొస్తే ఆగి, కడుగుడు దగ్గర్నుంచి మళ్లీ మొదలు.

డాష్‌బోర్డ్ పాలిష్ అనే శత్రువు

వాటర్ వాష్ సెంటర్లో చివర్న మెరుపు కోసం పూసే పాలిష్‌లో చాలావరకు ఉండేది సిలికాన్ నూనె. అది గ్రెయిన్ సందుల్లో ఏళ్ల తరబడి పేరుకుంటుంది. దాని మీద రంగు పడితే చేపకళ్లలా గుండ్రటి గుంటలు వస్తాయి. ఆ గుంటల మీద ఎంత రంగు కొట్టినా పక్కకే జరుగుతుంది.

దీనికి దగ్గరదారి లేదు. గిన్నెలు తోమే లిక్విడ్ నీళ్లలో కలిపి, మెత్తటి బ్రష్షుతో గ్రెయిన్ సందుల్లోకి దిగేలా రుద్దాలి. తర్వాత బూడిదరంగు స్కాచ్‌బ్రైట్, అంటే 3ఎం వారి 7448, సబ్బునీళ్లతోనే తేలిగ్గా తిప్పాలి. వంటింటి పచ్చ స్కాచ్‌బ్రైట్ వద్దు, మెత్తటి పీపీని చీరేస్తుంది, ఆ చారలు రంగులోంచి కనబడతాయి. పుష్కలంగా నీళ్లు పోసి కడిగి, పూర్తిగా ఆరాక సెమ్ వారి ప్లాస్టిక్ అండ్ లెదర్ ప్రెప్‌తో తుడవాలి. ఒక చేతిలో మందు తడిపిన గుడ్డ, ఇంకో చేతిలో పొడి గుడ్డ. మందు ఆరకముందే పొడి గుడ్డతో ఎత్తేయాలి, ఆరిపోతే కరిగిన జిడ్డు మళ్లీ అక్కడే కూర్చుంటుంది. తెల్ల గుడ్డకి మరక అంటనంతవరకు ఇదే పని. తర్వాత వట్టి చేత్తో ముట్టుకోవద్దు, నైట్రైల్ గ్లవ్స్ వేసుకోండి.

శుభ్రమైందో లేదో తెలుసుకోవడానికి నీళ్లు చల్లి చూడమంటారు. ఏబీఎస్ మీద అది పనికొచ్చే పరీక్షే. నీళ్లు పరుచుకుంటే శుభ్రం, ముత్యాల్లా నిలిస్తే జిడ్డు. పీపీ మీద మాత్రం ఎంత కడిగినా నీళ్లు ముత్యాల్లాగే నిలుస్తాయి, అది దాని స్వభావం. అక్కడ తెల్ల గుడ్డనే నమ్ముకోవాలి.

ప్రెప్ లేదు కదా అని పెయింట్ షాపు ఎన్‌సీ థిన్నర్‌తో తుడవకండి. ఏబీఎస్‌ని కరిగిస్తుంది, పాలీకార్బొనేట్ కలిసిన ముక్కల్లో సన్నని పగుళ్లు తెస్తుంది. ఐసోప్రొపైల్ ఆల్కహాల్ క్షేమం, కాకపోతే సిలికాన్‌ని అంతగా తీయదు, కాబట్టి సబ్బు దశలో ఇంకా ఎక్కువ శ్రమ పడాలి.

ఇంకో చిక్కు, చేతికి జిగటగా తగిలే పాత సాఫ్ట్ టచ్ రబ్బరు పూత. సముద్రపు తేమ ఉండే ఊళ్లలో కొన్ని యూరప్ కార్ల స్విచ్‌లు, డోర్ హ్యాండిళ్లు ఇలా జిగురుగా మారుతుంటాయి. పాలీయురెథేన్ పూత తేమకి విరిగిపోవడం దీనికి కారణం. దాని మీద కలర్ కోట్ కొడితే ముడతలు పడుతుంది. ఆల్కహాల్‌తో రుద్ది ఆ పూతంతా ఊడదీసి, అడుగున గట్టి ప్లాస్టిక్ బయటపడ్డాకే రంగు.

కొట్టే విధానం, మన వాతావరణం

క్యాన్ లోపలి గోళీ కదిలాక రెండు నిమిషాలు ఆడించాలి. దూరం 20 నుంచి 25 సెంటీమీటర్లు. ప్రతి వరుసా ముందు వరుసను సగం కప్పాలి, నాజిల్ నొక్కడం ప్యాడ్ బయట మొదలై బయటే ఆగాలి. మొదటి కోటు చిలకరించినట్టు మాత్రమే, కింద బీజ్ కనబడుతూనే ఉండాలి. ఇక్కడే ఓపిక కావాలి, మొదటి కోటులోనే మూసేద్దామనుకుంటే గ్రెయిన్ లోతుల్లో రంగు నిలిచి కారుతుంది. కోటుకీ కోటుకీ మధ్య అయిదు నుంచి పది నిమిషాలు. మ్యాప్ పాకెట్ లోపలి మూలలు, స్పీకర్ జాలీ అంచులు ముందు కొట్టి, వెడల్పు భాగం తర్వాత కొట్టండి. జాలీ మీద నిటారుగా కొడితే రంధ్రాలు పూడతాయి, ఏటవాలుగా నాలుగు వైపుల నుంచి పలచగా తిప్పాలి.

నాజిల్ దగ్గర చేరే రంగు బొట్టు అప్పుడప్పుడూ ఎగిరి పడి మొత్తం పాడుచేస్తుంది. నాలుగైదు వరుసలకొకసారి గుడ్డతో తుడవండి. ఆపకుండా కొడితే లోపలి గ్యాసు ఆవిరవుతూ క్యాన్ చల్లబడుతుంది, ఒత్తిడి తగ్గి తుంపరలు లావవుతాయి. రెండు క్యాన్లు దగ్గరుంచుకుని మార్చి మార్చి వాడితే ఈ గొడవ ఉండదు. నాలుగు డోర్ ప్యాడ్లకు మూడు క్యాన్లు లెక్క వేసుకోండి, పిల్లర్లు కూడా అయితే ఇంకొకటి.

మే నెలలో విజయవాడలో మిట్టమధ్యాహ్నం కొడితే తుంపర ప్యాడ్‌ని చేరేలోపే గాలిలో ఆరి పొడిలా పడుతుంది. చేత్తో తడిమితే ఎమ్రీ పేపర్‌లా గరగరలాడుతుంది, రంగు బూడిదగా కనిపిస్తుంది. వానాకాలంలో దీనికి వ్యతిరేకం. ద్రావకం ఆవిరవుతూ ఉపరితలాన్ని చల్లబరుస్తుంది, గాల్లో తేమ దాని మీద చేరి తెల్లటి మబ్బులా నిలిచిపోతుంది. గాలిలో తేమ 65, 70 శాతం దాటిన రోజు ఈ పని పెట్టుకోకండి. తెల్లబడితే భయపడక్కర్లేదు, పొడి రోజు చూసి పైన ఒక పలచని కోటు వేస్తే చాలావరకు సర్దుకుంటుంది. నవంబరు నుంచి ఫిబ్రవరి వరకు, మంచు విడిచాక ఉదయం పూట మనకి అనువైన సమయం.

ప్యాడ్ కారుకి ఉండగానే టేపులు వేసి కొట్టేవాళ్లున్నారు, వద్దు. తుంపర గాజు మీదా, రబ్బరు బీడింగ్ మీదా పడుతుంది, అంచుల దగ్గర బీజ్ గీత మిగులుతుంది. విప్పేటప్పుడు క్లిప్పులు కొన్ని విరగడం మామూలే, అరడజను నుంచి డజను అదనంగా తెచ్చుకోండి. మధ్యలో గుడ్డ ప్యానెల్ ఉంటే అది వెనక ప్లాస్టిక్ కరిగించి అతికినది కావచ్చు, ఊడదీయాలని చూడకండి. పాత ఏటీఎం కార్డుతో టేపు అంచుని సందులోకి నెట్టి మూసేయండి. ఆఖరి కోటు తర్వాత పది పదిహేను నిమిషాలకే టేపుని వెనక్కి మడిచి లాగాలి. పూర్తిగా ఆరాక లాగితే అంచు రంగు పళ్లు పళ్లుగా లేస్తుంది.

ముట్టుకోవడానికి ఒక గంట, బిగించడానికి కనీసం రెండు మూడు రోజులు. నీడలో వారం ఉంచితే ఇంకా మంచిది. తొందరపడి బిగించి ఎండలో అద్దాలు మూసి పెడితే మిగిలిన ద్రావకం ముందు అద్దానికి లోపలివైపు జిడ్డు పొరలా పడుతుంది, క్యాబిన్ అంతా కంపు కొడుతుంది. కొట్టేటప్పుడు ముఖానికి గుడ్డ కట్టుకుంటే చాలదు. 3ఎం 6200 లాంటి హాఫ్ మాస్కుకి ద్రావకాల ఆవిరిని ఆపే ఆర్గానిక్ వేపర్ క్యాట్రిడ్జ్ 6001, దాని మీద తుంపరని ఆపే ఫిల్టర్ ఉండాలి.

ఎక్కడ వాడకూడదు

ఎయిర్‌బ్యాగ్ మూతల మీద వద్దు. స్టీరింగ్ మధ్య భాగం, డాష్‌బోర్డులో పాసింజర్ వైపు ఎయిర్‌బ్యాగ్ తెరుచుకునే చోటు, ఆ పలచని చీలిక గీత ఏ ఒత్తిడికి ఎలా చిట్లాలో లెక్కగట్టి చేసినవి. ద్రావకం దాన్ని మార్చొచ్చు, ఎగిరిన రంగు పెచ్చు కంట్లో పడొచ్చు. పక్క అద్దాల మీదికి దిగే కర్టెన్ ఎయిర్‌బ్యాగులున్న కార్లలో ఏ పిల్లర్ కవర్ విప్పాలన్నా, స్టీరింగ్ దగ్గర పని చేయాలన్నా ముందు బ్యాటరీ నెగెటివ్ తీసి ఆగండి. టొయోటా మాన్యువళ్లు కనీసం 90 సెకన్లు అంటాయి, మీ కంపెనీ మాన్యువల్ ఎంత చెబితే అంత. ఆ పిల్లర్ క్లిప్పులు కూడా ప్రత్యేకమైనవి, మామూలువి పెట్టకూడదు.

డాష్‌బోర్డు పైభాగం గురించి రెండు మాటలు. 2018లో అరిజోనా స్టేట్ యూనివర్సిటీ పరిశోధకులు ఎండలో గంటసేపు ఉంచిన కార్లలో డాష్‌బోర్డు సగటున 69 డిగ్రీల సెల్సియస్‌కి చేరింది. ఆ వేడికి కడుగుడులో చిన్న లోపమున్నా ముందు అక్కడే బయటపడుతుంది. లాండౌ బ్లాక్‌లోని ఆ కాస్త నిగారింపూ ఎదురెండలో అద్దంలో ప్రతిబింబిస్తుంది. పైభాగం ఇప్పటికే నల్లగా ఉంటే దాన్ని కదపకండి.

గేర్ నాబ్, స్టీరింగ్ రింగు, లోపలి డోర్ హ్యాండిల్ లాంటి రోజూ చెయ్యి పడే చోట్ల కూడా ఇది నిరాశపరుస్తుంది. చెమట, ఉంగరం రాపిడి, ముఖ్యంగా ఆల్కహాల్ శానిటైజర్ తగిలితే పూత మెత్తబడి అరుగుతుంది. వీటికి హార్డెనర్ కలిసిన టూకే పీయూ (రెండు భాగాలు కలిపి వాడే పాలీయురెథేన్) రంగే సరైనది. దాని తుంపరలో ఊపిరితిత్తులకు హాని చేసే ఐసోసయనేట్లుంటాయి, కాబట్టి తగిన బూత్ ఉన్న పెయింటింగ్ షెడ్డుకే ఇవ్వండి, ఇంట్లో వద్దు.

ఆటోనగర్ దారి

సెమ్ సామాను మన దగ్గర దిగుమతి సరుకు, అమెరికా ధరతో పోల్చి లాభం లేదు. ప్రెప్, ప్రమోటర్, మూడు నాలుగు క్యాన్ల రంగు కలిపితే బిల్లు బరువే. విజయవాడ ఆటోనగర్ లాంటి చోట బంపర్లు రంగు వేసే మంచి పెయింటర్ ఉంటే అతన్నీ అడగండి. బంపరూ చాలావరకు పీపీ ప్లస్ ఈపీడీఎమ్మే, అతను రోజూ వాడే ప్లాస్టిక్ ప్రైమర్ డోర్ ప్యాడ్‌కీ పనికొస్తుంది. ప్రైమర్ పలచగా వేయాలనీ, పుట్టీ, గీతలు పూడ్చే మందపాటి హై బిల్డ్ సర్ఫేసర్ వద్దనీ, మెరుపు తగ్గించే మ్యాటింగ్ ఏజెంట్, వంగే గుణమిచ్చే ఫ్లెక్స్ అడిటివ్ కలపాలనీ ముందే చెప్పండి. చెప్పకపోతే బంపర్ అలవాటు కొద్దీ తళతళలాడే నలుపు వేసిస్తాడు. ఇలా చేయిస్తే గ్రెయిన్ కొంచెం తగ్గుతుంది, గట్టిదనం మాత్రం కలర్ కోట్ కన్నా ఎక్కువ. నాలుగు ప్యాడ్లకి ఇదే చవక. రెండు ట్రిమ్ ముక్కలు, ఒక కన్సోల్ లాంటి చిన్న పనికీ, గ్రెయిన్ చెడకూడదని పట్టుదల ఉన్నవాళ్లకీ సెమ్ సరైనది.

అమెరికాలో ఉన్న తెలుగువాళ్లకి ఈ లెక్కలేమీ అక్కర్లేదు. పాత క్యామ్రీకో అకార్డ్‌కో వేసుకోవాలంటే ఆటో పెయింట్ సప్లై షాపులో మొత్తం సెట్టు దొరుకుతుంది. డూప్లీకలర్ వినైల్ అండ్ ఫాబ్రిక్ కోటింగ్ ఇంకాస్త చవకలో మామూలు ఆటో పార్ట్స్ షాపుల్లోనే ఉంటుంది, గట్టి ఏబీఎస్ ముక్కలకి అది చాలు. పీపీ దగ్గర మాత్రం దానికీ ప్రమోటర్ తప్పదు.

అక్కడి నుంచి వచ్చే బంధువుల సూట్‌కేసులో నాలుగు క్యాన్లు తెప్పించుకుందామనుకోకండి. మండే స్వభావమున్న పెయింట్ ఏరోసోల్‌ని చెక్ ఇన్ లగేజీలో గానీ చేతి సంచిలో గానీ విమానం ఎక్కనివ్వరు, ఎయిర్‌పోర్టులోనే తీసి పారేస్తారు.